అచ్చులో నిలిచిన చిత్రకారుడు – నందలాల్ బోస్

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల గురించి, యుద్ధాల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను 1971 నుంచి 2007 వరకు అచ్చు పనిలో ఉన్నవాడిని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరి కూర్చిన రోజులు చూశాను, ఆఫ్‌సెట్ యంత్రాలు వచ్చిన రోజులూ చూశాను. అందుకని నా వృత్తికి చుట్టమైన ఒక మహానుభావుని గురించి వ్రాయడమే సబబని తోచింది. ఆయన శ్రీ నందలాల్ బోస్.

నందలాల్ బోస్ అనగానే చదువుకున్నవారు “మన రాజ్యాంగ ప్రతికి బొమ్మలు వేసినాయన కదా” అంటారు. నిజమే. చిత్రకళ తెలిసినవారైతే ఆయన పౌరాణిక చిత్రాల గురించి, గోడల మీద వేసిన పెద్ద పెద్ద చిత్రాల గురించి చెబుతారు. అదీ నిజమే. కాని ఆయన పుస్తకాలకు బొమ్మలు వేసినవాడనీ, తన చేత్తోనే అచ్చు బ్లాకులు చెక్కి ప్రతులు తీసినవాడనీ తెలిసినవారు తక్కువ. నా మటుకు నాకు ఆయన జీవితంలో అన్నిటికంటె విలువైన భాగం అదే. ఆయన పెద్ద చిత్రాలు చేరలేని ఇళ్లకు ఆ చిన్న అచ్చు బొమ్మలు చేరాయి. అలా చేరడానికి కారణం ఆయన ఒక్కరి ప్రతిభే కాదు. ఆయన చుట్టూ ఉన్న ఊరు, ఆ ఊరి కళాకారులు, విద్యార్థులు, పనివాళ్లు అందరూ కారణమే. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

చదువు ఒకవైపు, మనసు ఒకవైపు

నందలాల్ 1882 డిసెంబరు 3న బీహారులోని ముంగేరు జిల్లా ఖరగ్‌పూర్‌లో పుట్టారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవికి బొమ్మలు చేయడంలో, కుట్టుపనిలో మంచి నేర్పు ఉండేది. ఊళ్లో కుమ్మరులు దేవతా విగ్రహాలు చేస్తుంటే పిల్లవాడు పక్కన కూర్చుని చూసేవాడట. ఆయనకు మొదటి బడి అదేననుకోవచ్చు.

తరువాత చదువుకోసం కలకత్తా పంపారు. కాలేజీ చదువు ఎక్కలేదు. పరీక్షలు తప్పాయి. 1903లో సుధీరాదేవితో వివాహమైంది. ఇంట్లోవాళ్లు వాణిజ్యశాస్త్రం చదివించాలని చూశారు. అదీ సాగలేదు. చివరికి 1905లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో అవనీంద్రనాథ ఠాకూరు గారి శిష్యుడయ్యారు. పెళ్లయిన కుర్రవాడు ఉద్యోగం వచ్చే చదువు మానేసి బొమ్మలు వేస్తానంటే ఆ రోజుల్లో పెద్దవాళ్లు ఎంత బెంగపడి ఉంటారో మన తరంవారికి చెప్పనక్కరలేదు.

1908లో ప్రాచ్య కళా సంఘం వారి ప్రదర్శనలో శివసతుల చిత్రానికి 500 రూపాయల బహుమతి వచ్చింది. ఆనాటికి అది చిన్న సొమ్ము కాదు. ఆ డబ్బుతో ఆయన దేశం చూడడానికి బయలుదేరారు. ఉత్తరాది గుళ్లూ గోపురాలూ, దక్షిణాది శిల్పాలూ చూసి వచ్చారు.

1909-10 సంవత్సరాల్లో లేడీ హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల చిత్రకారిణి అజంతా గుహల చిత్రాలకు నకళ్లు తీయించారు. ఆ పనికి కలకత్తా నుంచి వెళ్లిన యువకుల్లో నందలాల్ ఒకరు. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. మన హైదరాబాదు నుంచి కూడా సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ అనే చిత్రకారులు ఆ బృందంలో పనిచేశారు. గోడ మీద బతికిన బొమ్మ ఎలా ఉంటుందో, ఒక పెద్ద పనిని పలువురు కలిసి ఎలా చేస్తారో నందలాల్ అక్కడే చూశారు.

పుస్తకాల బొమ్మలు

నందలాల్ తొలినాళ్ల నుంచీ పుస్తకాలకు బొమ్మలు వేశారు. 1909లో వెలువడిన రవీంద్రనాథ ఠాకూరు గారి కవితా సంకలనం చయనికకు ఆయన చిత్రాలే. 1913లో సోదరి నివేదిత, ఆనంద కుమారస్వామి వ్రాసిన హిందూ, బౌద్ధ పురాణ గాథల పుస్తకంలోనూ, అదే ఏడు వచ్చిన రవీంద్రుని ఆంగ్ల గ్రంథం క్రెసెంట్ మూన్‌లోనూ అవనీంద్రుల శిష్యబృందంతో పాటు ఆయన చిత్రాలున్నాయి.

ఇక్కడ అచ్చు పనివాడిగా ఒక మాట చెప్పాలి. నీటి రంగులతో పలచగా వేసిన చిత్రాన్ని అచ్చు వేయాలంటే ముందు దాన్ని ఫొటో తీసి, చుక్కలుగా విడగొట్టి, హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. రంగుల్లో కావాలంటే ఒక్కో రంగుకు ఒక్కో బ్లాకు. ఖర్చు ఎక్కువ. నున్నటి ఆర్టు పేపరు కావాలి. ఎంత జాగ్రత్త పడినా చిత్రకారుడి చేతిలోని తడి ఆ కాగితం మీదకు రాదు. ఆ పుస్తకం కొనగలిగేవాడు డబ్బున్నవాడు. అంటే బొమ్మ అచ్చయింది గాని అందరికీ అందలేదన్నమాట. ఈ ఇబ్బందికి విరుగుడు శాంతినికేతనంలో దొరికింది.

కలకత్తాలో జొరాసాంకోలోని ఠాకూర్ల ఇంట్లో 1915లో విచిత్ర అనే కళాకేంద్రం మొదలైంది. నందలాల్ అందులో ఉన్నారు. చేతితో అచ్చు చిత్రాలు తీయడం మీద అక్కడ ఆసక్తి పుట్టింది. గగనేంద్రనాథ ఠాకూరు గారు సమాజం మీద వ్యంగ్య చిత్రాలు వేసి 1917లో లితో పద్ధతిలో అచ్చు తీయించారు. ముకుల్ దే అమెరికా వెళ్లి ఎచింగ్ నేర్చుకున్నారు. రాగి రేకును ఆమ్లంతో కొరికించి అచ్చు తీసే పద్ధతి అది. అంతవరకూ మన దేశంలో అచ్చు బొమ్మ అంటే వ్యాపార వస్తువు. చిత్రకారుడు తానే బ్లాకు తయారుచేసుకుని, తానే అచ్చు తీసి, దాన్నే తన కళాసృష్టి అనడం అప్పటికి కొత్త సంగతి.

శాంతినికేతనం చేరిక

1919లో రవీంద్రులు శాంతినికేతనంలో కళాభవనం స్థాపించారు. కొద్దికాలం రాకపోకల తరువాత నందలాల్ అక్కడే స్థిరపడి, 1920ల ఆరంభం నుంచి 1951 దాకా దాన్ని నడిపారు. విద్యార్థులు ఆయన్ని “మాస్టర్‌మశాయ్” అనేవారు. మన వైపు మాస్టారుగారు అన్నట్టే.

బోల్పూరు స్టేషన్‌కు దగ్గరలో ఎర్రమట్టి నేల, తాటిచెట్లు, చుట్టూ సంతాల్ పల్లెలు. కలకత్తా వంటి మహానగరాన్ని వదిలి, చిత్రాలు కొనే ధనవంతులను వదిలి ఆయన అక్కడికి వచ్చారు. అక్కడ చిత్రకారుడి పని గదిలో కూర్చుని పటం కట్టించే బొమ్మ వేయడం ఒక్కటే కాదు. పండుగ వస్తే నేల మీద ముగ్గు వేయించాలి. రవీంద్రుల నాటకం ఆడితే రంగస్థలం అలంకరించాలి, వేషాలకు బట్టలు ఎంచాలి. 1928లో చెట్లు నాటే ఉత్సవం, నాగలి పూజ ఉత్సవం మొదలయ్యాయి. వాటి అలంకరణ కళాభవనం వారిదే. నాగలి పూజ ఉత్సవాన్ని ఆయన శ్రీనికేతనంలో గోడ మీద చిత్రించారు కూడా. ఏటా విద్యార్థులను వెంటబెట్టుకుని యాత్రలకు వెళ్లేవారు. నడుస్తూ, ఆగుతూ, చిన్న చిన్న కార్డుల మీద కనిపించినదల్లా గీసేవారు. మిత్రులకు, శిష్యులకు ఆయన బొమ్మలు వేసి పంపిన కార్డులు లెక్కలేనన్ని. పోస్టుకార్డు కోసం ఎదురుచూసిన రోజులు ఎరిగిన మనకు ఆ కార్డు అందుకున్నవారి సంతోషం తెలుస్తుంది.

1930లో ఆయన శిష్యులతో కలిసి కారుసంఘం అనే సహకార సంస్థ ఏర్పాటుచేశారు. చదువు ముగించుకున్న కళాకారులు చేతిపనులు చేసి నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికి అది ఒక దారి. కళాకారుడు ఆకలితో ఉంటే కళ ఎలా నిలుస్తుందన్న ఆలోచన దాని వెనుక ఉంది.

అచ్చు పనికి కూడా అక్కడ చక్కని వాతావరణం ఏర్పడింది. 1917లో అమెరికాలోని లింకన్ నగరవాసులు శాంతినికేతనం పిల్లలకోసం రవీంద్రులకు ఒక ముద్రణ యంత్రం కానుకగా ఇచ్చారు. ఆశ్రమానికి సొంత ప్రెస్సు అలా వచ్చింది. ఆ తరువాత ఆంద్రె కార్పెలెస్ అనే ఫ్రెంచి చిత్రకారిణి వచ్చి చెక్కమీద బొమ్మలు చెక్కడం నేర్పారు. 1924లో నందలాల్ రవీంద్రులతో పాటు బర్మా, చైనా, జపాన్ తిరిగి వచ్చారు. చైనాలో రాతి శిల్పాల మీద కాగితం పరచి తీసిన అచ్చులు, జపానులో రంగుల చెక్క అచ్చులు చూసి, కొన్నిటిని వెంట తెచ్చి విద్యార్థులకు చూపించారు. చెక్క బ్లాకు, లినో బ్లాకు, లితో, ఎచింగ్ అన్నిటిలోనూ ఆయన చెయ్యి పెట్టారు. తాను నేర్చుకుంటూనే నేర్పారు.

లినో బ్లాకు సంగతి

ఆఫ్‌సెట్ వచ్చాక పుట్టిన పిల్లలకు లినో అంటే తెలియకపోవచ్చు గనుక కొంచెం వివరిస్తాను. లినోలియం అనేది నేల మీద పరిచే ఒక రకం చాప. గట్టిపడిన అవిసె నూనెలో కార్కు పొడి వగైరా కలిపి గోనెగుడ్డ మీద పరచి తయారుచేస్తారు. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ కనిపెట్టాడు. చెక్కలో ఉన్నట్టు దానిలో ఈనె ఉండదు. ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కొంచెం వేడి చేస్తే ఇంకా మెత్తగా తెగుతుంది. ధర తక్కువ.

బొమ్మలో తెల్లగా ఉండాల్సిన భాగాన్ని చెక్కి తీసేస్తారు. మిగిలిన ఎత్తు భాగానికి రోలరుతో సిరా పూసి కాగితం పెట్టి నొక్కితే బొమ్మ దిగుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి. తలకిందుల అక్షరాలు చదివి బతికిన కంపోజిటరు మిత్రులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆ లినో ముక్కను అక్షరాల ఎత్తుకు సరిపడా చెక్క మీద అతికిస్తే అక్షరాలతో పాటే చేజులో బిగించి ఒకే దెబ్బకు అచ్చు వేయవచ్చు. ఫొటో అక్కర్లేదు, ఖరీదైన కాగితం అక్కర్లేదు.

అయితే ఈ పద్ధతి చాలా కఠినమైనది. ఉన్నది నలుపు, తెలుపు, అంతే. మధ్యలో మసక లేదు. ఒకసారి చెక్కిన గీతను మళ్లీ పూడ్చలేం. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ముందే మనసులో తేలిపోవాలి. నీటిరంగుల్లో ఎంతో నాజూకుగా వేయగల నందలాల్ ఈ మొరటు పరికరానికి తలవంచారు. తలవంచిన కొద్దీ ఆయన గీతకు బలం వచ్చింది. హాఫ్‌టోన్ బొమ్మ అసలు చిత్రానికి నకలు మాత్రమే. లినో అచ్చు నకలు కాదు, ప్రతి కాగితమూ అసలే. ఈ తేడా గ్రహిస్తే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది.

1930వ సంవత్సరం

ఆయన అచ్చు పనిలో రెండు ముఖ్యమైన ఘట్టాలు ఒకే ఏడు వచ్చాయి.

1930 మార్చి 12న గాంధీజీ సబర్మతి నుంచి బయలుదేరి, దాదాపు 385 కిలోమీటర్లు నడిచి, ఏప్రిల్ 6న దండి దగ్గర ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. నందలాల్ ఆ సందర్భాన్ని ఒక లినో బ్లాకులో నిలిపారు. నల్లని నేపథ్యం మీద చేతికర్ర పట్టి నడుస్తున్న బాపూజీ. వెనుక జనం లేరు, సముద్రం లేదు, పోలీసులు లేరు. ఒక మనిషి, ఒక కర్ర, ఒక అడుగు. ఆ తరువాత గాంధీజీ బొమ్మలు ఎన్ని వచ్చినా ఆ నడక మాత్రం ఈ అచ్చుదే. మన పాఠ్యపుస్తకాల్లో, కరపత్రాల్లో, గోడల మీద దాన్ని చూసి వేసినవారు తాము ఎవరి బొమ్మను అనుసరిస్తున్నామో తెలియకుండానే వేసి ఉంటారు.

రెండవది సహజ్ పాఠ్. రవీంద్రులు బెంగాలీ పిల్లలకు అక్షరాలు నేర్పడానికి స్వయంగా వ్రాసిన వాచకం. దాని మొదటి రెండు భాగాలు 1930లో వెలువడ్డాయి. బొమ్మలు నందలాల్‌వి, లినో అచ్చులు. అప్పటికి రవీంద్రులు నోబెల్ బహుమతి పొందిన ప్రపంచ కవి. నందలాల్ దేశమంతా పేరున్న చిత్రకారుడు. వాళ్లిద్దరూ కూర్చుని అ ఆ ఇ ఈ నేర్చుకునే పసివాళ్ల కోసం పుస్తకం తయారుచేశారు. అది తమ స్థాయికి తగ్గ పని కాదని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

2012 చలికాలంలో మా ఆవిడా నేనూ శాంతినికేతనం వెళ్లాం. అక్కడ కళాభవనంలో విద్యార్థులు, అధ్యాపకులు మట్టితో కట్టి తారు పూసిన “నల్ల ఇల్లు” ఇప్పటికీ ఉంది. గోడల మీద ఉబ్బెత్తు బొమ్మలు చూసి చాలాసేపు నిలబడిపోయాం. బోల్పూరులో ఒక పుస్తకాల దుకాణంలో సహజ్ పాఠ్ కొన్నాను. మిఠాయి పొట్లం కంటె తక్కువ ధర. మా ఆవిడకు బెంగాలీ ఒక్క అక్షరం రాదు. కాని తిరుగు రైల్లో పేజీలు తిప్పుతూ ఏ బొమ్మ ఏమిటో తడుముకోకుండా చెప్పింది. ఎదురు సీట్లో ఉన్న ఒక బెంగాలీ పెద్దమనిషి ఆ పుస్తకం చూడగానే, లోపల చూడకుండానే మొదటి పాఠం అప్పజెప్పారు. ఆయనకు డెబ్భై ఏళ్లు దాటి ఉంటాయి. మనకు పెద్దబాలశిక్ష ఎలాంటిదో వాళ్లకు అది అలాంటిదని నాకు అప్పుడు అర్థమైంది.

ఊరి మనుషుల పటాలు

అచ్చు కాకపోయినా హరిపుర పటాల గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. 1936లో లక్నో కాంగ్రెస్ సభలకు, ఆ ఏడాది చివర ఫైజ్‌పూర్ గ్రామంలో జరిగిన సభలకు గాంధీజీ కోరిక మీద నందలాల్ అలంకరణ బాధ్యత వహించారు. వెదురు, గడ్డి వంటి స్థానిక వస్తువులతోనే పని నడిపించారు. 1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపురలో సుభాస్ చంద్ర బోస్ అధ్యక్షతన జరిగిన సభలకు గోడపటాలు వేశారు. చేతి కాగితం మీద మట్టి రంగులతో 80కి పైగా పటాలు ఆయన స్వయంగా వేశారు. శిష్యులు వాటికి ప్రతులు వేయగా మొత్తం 400 దాకా అయ్యాయి. దేవతలు, నాయకులు కాదు, బట్టలు కుట్టే దర్జీ, దూది ఏకేవాడు, డోలు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, ఇంటి పని చేసుకునే ఆడవాళ్లు. సభకు నడిచి వచ్చిన పల్లెజనం గోడల మీద తమనే చూసుకున్నారు.

లినో బ్లాకు చెక్కిన చెయ్యి ఈ పటాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు గట్టి గీతలు, రెండు మూడు రంగులు, దూరం నుంచి చూసినా తెలిసే ఆకారం. అచ్చు యంత్రం లేని చోట శిష్యుల చేతులే అచ్చు యంత్రమయ్యాయి.

రాజ్యాంగం, అచ్చు

ఇక రాజ్యాంగం సంగతి. ఆంగ్ల ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయజాదా ముత్యాల్లాంటి అక్షరాలతో చేత్తో వ్రాశారు. నందలాల్, ఆయన శాంతినికేతనం శిష్యులు పేజీలకు అంచులు, 22 భాగాలకు మన చరిత్రను తెలిపే చిత్రాలు సమకూర్చారు. పీఠిక పేజీ అలంకరణ శిష్యుడైన బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హాది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ సభ్యులు దాని మీద సంతకాలు చేశారు. ఆ మూలప్రతి పార్లమెంటు గ్రంథాలయంలో ప్రత్యేక పెట్టెలో భద్రంగా ఉంది.

మన అచ్చు సోదరులు గర్వపడవలసిన విషయం ఒకటుంది. ఆ వ్రాతప్రతిని డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారు ఫొటో లితో పద్ధతిలో 1,000 ప్రతులు అచ్చు వేశారు. దేశ పటాలు అచ్చు వేసే ఉద్యోగులు రోజూ చేసే శ్రద్ధతో ఆ పనీ చేశారు. వాళ్ల పేర్లు ఏ పేజీలోనూ లేవు. అయినా వాళ్ల చేతుల మీదుగానే ఆ అక్షరాలు, ఆ బొమ్మలు బయటి ప్రపంచానికి వచ్చాయి.

విశ్రాంతి లేని విశ్రాంతి

1951లో నందలాల్ పదవీ విరమణ చేశారు. 1954లో పద్మవిభూషణ్ వచ్చింది. మనకు ముఖ్యమైనది ఆ తరువాత ఆయన ఏం చేశారన్నది. ఊరు విడిచిపెట్టలేదు, కుంచె విడిచిపెట్టలేదు. పెద్ద గోడల పని తగ్గించి, నల్లసిరాతో చిన్న కాగితాల మీద చెట్లు, కొండలు, పశువులు గీశారు. రంగు కాగితాలు చేత్తో చింపి అతికించి బొమ్మలు చేశారు. తనకు తెలిసిన రంగుల తయారీ, పని పద్ధతులు వివరిస్తూ శిల్పచర్చ అనే పుస్తకం 1956లో ప్రచురించారు. తెలిసిన విద్య తనతోనే పోకూడదన్న తపన అందులో కనిపిస్తుంది. 1966 ఏప్రిల్ 16న పరమపదించారు. మరుసటి ఏడాది తపాలా శాఖ ఆయన గరుడ చిత్రంతో తపాలా బిళ్ల విడుదల చేసింది. జీవితమంతా కార్డుల మీద బొమ్మలు వేసి పంపిన మనిషికి అది తగిన గౌరవం.

మన వైపు వచ్చిన పాయ

ఆయన విద్య తెలుగునాటికీ చేరింది. వరంగల్ ప్రాంతంలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతనం వెళ్లి నందలాల్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగి వచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో ఎందరికో పాఠాలు చెప్పారు. 2012లో కన్నుమూశారు. మరో పాయ బరోడా మీదుగా వచ్చింది. 1944 నుంచి 1948 దాకా కళాభవనంలో చదివిన కె.జి. సుబ్రమణ్యన్ బరోడాలో అధ్యాపకులయ్యారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారు 1960లలో అక్కడ చదివి, మన పల్లె మనుషులను ఎచింగుల్లోకి తెచ్చారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. బోల్పూరు ఎర్రనేల మీద మొదలైన అచ్చు విద్య మూడో తరంలో మెదక్ పల్లెకు చేరిందన్నమాట.

మనం గ్రహించవలసినది

ముగ్గులు, నాటకాలు, సభల అలంకరణ, వాచకాల బొమ్మలు – వీటన్నిటికీ కాలం వెచ్చించి ఆయన తన సొంత చిత్రాలకు అన్యాయం చేసుకున్నారా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ ఆలోచించాను. ఆయన కృతులు దాదాపు 7,000 ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాశాలలో ఉన్నాయి. 1976లో ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతీయ కళానిధులుగా ప్రకటించింది గనుక అవి దేశం దాటిపోవు. మంచిదే. కాని మనలో ఎంతమంది ఢిల్లీ వెళ్లి వాటిని చూస్తాం? గోడచిత్రాలకు తేమ పడుతుంది, రంగు వెలుస్తుంది. చవక కాగితం మీద అచ్చయిన వాచకం చిరిగిపోతే మాత్రం ఇంకో ప్రతి వస్తుంది. అన్నిటిలోకీ తక్కువ ఖరీదైనదే అన్నిటికంటె గట్టిగా నిలిచింది.

2023లో శాంతినికేతనాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నందలాల్ పుట్టినరోజును పురస్కరించుకుని ఏటా డిసెంబరు మొదట్లో కళాభవనం వారు నందన్ మేళా జరుపుతారు. 1973లో మొదలైన ఆ మేళాలో విద్యార్థులు, అధ్యాపకులు తాము చేసిన బొమ్మలు, అచ్చు చిత్రాలు, క్యాలెండర్లు అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి చేరుతుంది. మాస్టారి పేరు తలుచుకోవడానికి అంతకంటె మంచి పద్ధతి ఏముంటుంది?

మన ఊళ్లలోనూ ఒకప్పుడు ప్రతి చిన్న ప్రెస్సులో చెక్క బ్లాకులు, లినో బ్లాకులు ఉండేవి. పెళ్లి శుభలేఖల మీద గణపతి, అరటిచెట్లు, పూర్ణకుంభం, నాటకాల పోస్టర్ల మీద పెద్ద అక్షరాలు. వాటిని చెక్కినవారి పేర్లు మనకు తెలియవు. ట్రెడిళ్లు పాత ఇనుము కింద పోయినప్పుడు చెక్క బ్లాకులు పొయ్యిలోకి పోయాయి. ఇంకా ఎక్కడైనా అటకల మీద కొన్ని మిగిలి ఉండవచ్చు. సభ్యుల ఇళ్లలో గాని, బంధువుల ప్రెస్సుల్లో గాని అలాంటివి ఉంటే పారేయవద్దని నా మనవి. గుడ్డతో తుడిచి, సిరా పూసి, ఒక్క కాగితం మీద అచ్చు తీసి, వెనుక ఊరి పేరు, ప్రెస్సు పేరు, తెలిస్తే చెక్కిన మనిషి పేరు వ్రాసి ఉంచండి. మన సంఘం కార్యాలయంలో ఒక బీరువా అర వాటికి కేటాయించడానికి కార్యవర్గం వారు అంగీకరించారు. నా దగ్గరున్న 11 బ్లాకులు మొదటి విడతగా వచ్చే సర్వసభ్య సమావేశంలో అప్పగిస్తాను. మనవలను, మనవరాళ్లను వెంట తీసుకురండి. సిరా, రోలరు నేను తెస్తాను. అచ్చు ఎలా తీయాలో పిల్లలకు చేసి చూపిద్దాం.